కాలిన బోర్డు నేర్పిన పాఠం

మన ఇళ్ళల్లో వేసవి దగ్గర పడుతోందంటే రెండే కబుర్లు. ఒకటి, ఇండియా టిక్కెట్లు ఈసారి ఎంత పలుకుతున్నాయి? రెండు, పిల్లలకి ఇంటర్న్‌షిప్ ఎక్కడ వచ్చింది? మొదటి ప్రశ్నకి అందరి సమాధానం ఒక్కటే కాబట్టి, పాట్‌లక్‌లో పులిహోర ప్లేటు పట్టుకున్న దగ్గర్నుంచీ చర్చంతా రెండో దాని మీదే నడుస్తుంది. "మా వాడికి ఫలానా కంపెనీ" అనగానే వినేవాళ్ళ కళ్ళు పెద్దవవుతాయి. కంపెనీ పేరు ఎంత పెద్దదైతే కళ్ళు అంత పెద్దవవుతాయి.

2025 వేసవికి మా పెద్దమ్మాయికి వచ్చిన ఇంటర్న్‌షిప్ గురించి చెప్పినప్పుడు మాత్రం ఎవరి కళ్ళూ పెద్దవి కాలేదు. "ఆ కంపెనీ ఏం చేస్తుంది?" అని అడిగారు. "పొలాలకి నీళ్ళు పెట్టే కంట్రోలర్లు" అన్నాను. ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ తర్వాత ఒక పెద్దమనిషి నన్ను ఓదారుస్తున్నట్టుగా, "పోన్లెండి, వచ్చే ఏడాది మంచిది వస్తుంది" అన్నారు.

నిజం చెప్పాలంటే అప్పట్లో నా మనసులో ఉన్నదీ అదే. డాలస్ చుట్టుపక్కల ఇన్ని పేరున్న కంపెనీలుండగా, నలభై మంది కూడా లేని ఒక చిన్న సంస్థలో పది వారాలా! ఎలక్ట్రికల్ అండ్ కంప్యూటర్ ఇంజనీరింగ్ రెండో సంవత్సరం పూర్తి చేసిన పిల్ల, హాయిగా సాఫ్ట్‌వేర్ వైపు వెళ్తే సరిపోయేది కదా అనిపించింది. ఆ పది వారాల్లో మా అమ్మాయి ఏం నేర్చుకుందో, దాన్ని చూసి నేనేం నేర్చుకున్నానో మీతో పంచుకుందామనే ఈ వ్యాసం.

ముందు నా సంగతి

నేనూ ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్‌నే, సర్టిఫికెట్ మీద. 2000లో బీటెక్ ఈసీఈ పూర్తి చేశాను. ఆ పైన ఇక్కడికి వచ్చి కంప్యూటర్స్‌లో ఎం.ఎస్., ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా కన్సల్టింగ్. మా బ్యాచ్‌లో చాలామంది కథ ఇదే.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ అంటే ఒక పరిశ్రమకి వెళ్ళి, కొన్నాళ్ళు పని నేర్చుకుని, ఏదైనా చేసి చూపించాలి. మేం నలుగురం ఒక పెద్ద ఫ్యాక్టరీకి వెళ్ళాం. గేటు దగ్గర పాసు రాయించుకోవడం, క్యాంటీన్‌లో చవగ్గా భోంచేయడం, సాయంత్రం ఇంటికి రావడం. ఎవరూ మాకు పని చెప్పలేదు, మేమూ అడగలేదు. చివరికి నెల రోజుల్లో గడువుందనగా నలుగురం తలా కొంత వేసుకుని, అమీర్‌పేటలో ఒక ప్రాజెక్ట్ సెంటర్‌కి వెళ్ళి 8051 మైక్రోకంట్రోలర్‌తో చేసిన "ఆటోమేటిక్ రైల్వే గేట్ కంట్రోల్" కొనుక్కొచ్చాం. బొమ్మ రైలు వస్తే గేటు పడుతుంది, వెళ్తే లేస్తుంది. రిపోర్టు కూడా వాళ్ళే ఇచ్చారు, మేం పేర్లు మార్చుకున్నామంతే.

వైవా రోజున బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు రైలు వంక చూడనే లేదు. బోర్డు మీద చిప్పు పక్కనే ఉన్న చిన్న పసుపుపచ్చ కెపాసిటర్‌ని పెన్నుతో చూపించి, "ఇదెందుకు పెట్టారు?" అని అడిగారు. "నాయిస్ కోసం సార్" అన్నాను. "నాయిస్ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇది దాన్నేం చేస్తుంది?" నేను నేల చూపులు చూశాను. ఆయన కోప్పడలేదు. చిన్నగా నవ్వి మార్కులు వేసేశారు. ఆ నవ్వు మాత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఈ సంగతి మా పిల్లలకి నేనెప్పుడూ చెప్పలేదు. "నాన్న ఇంజనీర్" అన్న మాట వాళ్ళు అలాగే నమ్ముతూ పెరిగారు.

మొదటి రెండు వారాలు: చేతులకి చదువు

మొదటి రోజు సాయంత్రం ఇంటికి రాగానే మా అమ్మాయి అన్న మాట: "నాన్నా, మూడు సెమిస్టర్ల సర్క్యూట్ కోర్సులు చదివాను. ఒక్క సాల్డర్ జాయింటు సరిగ్గా పెట్టలేకపోయాను."

అక్కడ ల్యాబ్‌ని చూసుకునేది డెబ్భైకి దగ్గర పడుతున్న ఒక టెక్నీషియన్. అమెరికన్ పద్ధతి ప్రకారం ఆఫీసులో ఆయన్ని పేరు పెట్టే పిలవాలి. మా అమ్మాయి అక్కడ అలాగే పిలిచేది గానీ, ఇంట్లో మాత్రం ఆయన పేరు "ల్యాబ్ తాతగారు". ఆయనకి ఇంజనీరింగ్ డిగ్రీ లేదు. ఇంజనీర్లందరూ చిక్కొచ్చినప్పుడు వెళ్ళేది మాత్రం ఆయన బల్ల దగ్గరికే.

ఆయన మొదటి రెండు వారాలూ మా అమ్మాయికి డిజైన్ పనేమీ ఇవ్వలేదు. పాడైపోయిన పాత బోర్డులు ఒక డబ్బా నిండా ఇచ్చి, వాటి మీది భాగాలు ఊడదీసి మళ్ళీ అతికించమన్నాడు. పాత రోజుల తగరం-సీసం సాల్డర్ 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ఇప్పుడు ఎక్కువగా వాడే సీసం లేని సాల్డర్ కరగాలంటే 217 డిగ్రీలు దాటాలి. ఆ తేడా పుస్తకంలో ఒక అంకె మాత్రమే. చేతిలో ఐరన్ పట్టుకున్నప్పుడు మాత్రం, ఇంకో రెండు సెకన్లు ఆగితే రాగి ఊడొస్తుందా, ఇప్పుడే తీసేస్తే జాయింటు అతక్కుండా మిగిలిపోతుందా అన్నది కంటికీ చేతికీ తెలియాలి.

మణికట్టుకి ఒక పట్టీ కట్టుకుని కూర్చోవాలని కూడా అక్కడే తెలిసింది. కార్పెట్ మీద నడిచి తలుపు గొళ్ళెం ముట్టుకుంటే చురుక్కుమంటుంది చూశారూ, అది మనకి తెలియాలంటే సుమారు మూడు వేల వోల్టులు ఉండాలట. కొన్ని చిప్పులు పాడవడానికి వంద వోల్టులు కూడా అక్కర్లేదు. అంటే మన చేతిలోంచి చిప్పు చచ్చిపోయినా మనకి తెలియదన్న మాట. వెంటనే చచ్చిపోతే ఇంకా నయం, సగం దెబ్బతిని ఆరు నెలల తర్వాత పొలంలో చచ్చిపోతే ఎవరు కనిపెట్టాలి?

రోజుకి ఒక డేటాషీట్ పూర్తిగా చదవడం ఇంకో పని. "మొదటి పేజీలో కంపెనీ వాళ్ళు చెప్పుకోదలచుకున్నవి ఉంటాయి, నీకు కావలసినవి చివరి పేజీల్లో గ్రాఫుల్లో ఉంటాయి" అనేవాడట ఆ పెద్దాయన. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఆ గురువారం

మూడో వారంలో మా అమ్మాయికి మొదటి అసలు పని ఇచ్చారు. కంపెనీ కొత్తగా తయారు చేస్తున్న కంట్రోలర్ పొలంలో తేమ కొలిచి, రేడియో ద్వారా కబురు పంపుతుంది. నమూనా బోర్డులు మొత్తం ఐదే ఉన్నాయి. రెండు వారాల్లో వాటిని ఒక రైతు పొలంలో పెట్టి చూపించాలి. రేడియో కబురు పంపేటప్పుడు బోర్డు ఎంత కరెంటు లాగుతోందో కొలవమన్నారు.

బోర్డుకి 12 వోల్టులు వచ్చే దారిలో ఒక చిన్న రెసిస్టర్ ఉంది. దాని రెండు కొసల మధ్య వోల్టేజి చూస్తే కరెంటు తెలిసిపోతుంది, ఓమ్ సూత్రం. కాలేజీలో మల్టీమీటర్‌తో వందసార్లు చేసిన పనే. ఆసిలోస్కోప్ ప్రోబు కొసని రెసిస్టర్‌కి ఒక పక్కన పెట్టి, నల్లటి గ్రౌండ్ క్లిప్పుని రెండో పక్కన తగిలించింది.

టప్పుమని చప్పుడు, చిన్న మెరుపు, కాలిన వాసన.

ఏమైందో చెప్తాను, ఎందుకంటే ఎలక్ట్రానిక్స్ చదివే ప్రతి పిల్లా పిల్లాడూ దీన్ని తెలుసుకోవాలి. మల్టీమీటర్ బ్యాటరీ మీద నడుస్తుంది, దాని రెండు వైర్లూ ఎక్కడ తగిలించినా ఫరవాలేదు. మామూలు బల్ల మీది ఆసిలోస్కోప్ అలా కాదు. దాని గ్రౌండ్ క్లిప్పు గోడ ప్లగ్గులోని మూడో పిన్ను ద్వారా నేరుగా భూమికి కలిసి ఉంటుంది. మా అమ్మాయి బోర్డేమో ప్రోగ్రామ్ ఎక్కించే యూఎస్‌బీ తీగ ద్వారా పక్కనున్న కంప్యూటర్‌కి కలిసి ఉంది. ఆ కంప్యూటర్ కూడా భూమికి కలిసే ఉంది. కాబట్టి క్లిప్పు తగిలించిన క్షణంలో 12 వోల్టులకీ గ్రౌండ్‌కీ మధ్య తిన్నగా దారి ఏర్పడింది. కరెంటంతా స్కోపులోంచి, కంప్యూటర్‌లోంచి, సన్నని యూఎస్‌బీ తీగలోంచి చుట్టి వచ్చింది. పవర్ సప్లైలో ఎంత కరెంటు దాటితే ఆగిపోవాలో పెట్టుకునే నాబ్ ఒకటుంటుంది. అది చివరిదాకా తిప్పి ఉంది. ముందే అర ఆంపియర్ దగ్గర పెట్టుకుని ఉంటే ఇంత జరిగేది కాదు.

రెసిస్టర్ నల్లబడింది. బోర్డు మీద ఒక రాగి గీత లేచిపోయింది. ప్రోగ్రామర్ పోయింది, కంప్యూటర్‌లో ఒక పోర్టు పోయింది. సాయంత్రం ఐదున్నర. ల్యాబ్‌లో ఇంకెవరూ లేరు.

నేనిచ్చిన సలహా

పార్కింగ్ లాట్‌లోంచి నాకు ఫోన్ చేసింది. గొంతు వణుకుతోంది. "ఐదింట్లో ఒకటి పాడు చేశాను నాన్నా. నన్ను పంపించేస్తారా?"

నేను చెప్పిన మాటలు ఇక్కడ ఉన్నదున్నట్టు రాస్తాను. "కంగారు పడకు. ఎవరైనా చూశారా? లేదు కదా. ఆ బోర్డు పక్కన పెట్టెయ్. నమూనా బోర్డులు ఊరికే పోతుంటాయి. ఎవరైనా అడిగితే అప్పుడు చూద్దాం. నువ్వుగా వెళ్ళి చెప్పకు."

హెచ్-1బి మీద ప్రాజెక్టు నుంచి ప్రాజెక్టుకి మారుతూ ఏళ్ళు గడిపినవాడిని. క్లయింట్ దగ్గర తప్పు ఒప్పుకుంటే కాంట్రాక్టు పోతుందేమో, కాంట్రాక్టు పోతే వీసా ఏమవుతుందో అన్న భయం ఒంట్లో ఇంకిపోయింది. గ్రీన్‌కార్డు వచ్చి ఏళ్ళయినా ఆ భయం పోలేదని ఆ రోజే నాకు తెలిసింది. నా భయాన్ని తీసుకెళ్ళి ఇక్కడే పుట్టి పెరిగిన నా కూతురి నెత్తిన పెట్టాను.

ఆ రాత్రి తను అన్నం సరిగా తినలేదు. మా ఆవిడ పెరుగన్నం కలిపి గదిలోకి తీసుకెళ్తే, "అమ్మా, రేపు వేరేవాళ్ళు అదే కంప్యూటర్‌కి ఇంకో బోర్డు తగిలిస్తే?" అని అడిగిందట. మా ఆవిడ నాలాగా మేధావి కాదు కాబట్టి, "అయితే పొద్దున్నే వెళ్ళి చెప్పెయ్" అంది. అంతే.

మర్నాడు పొద్దున్న

ల్యాబ్ తాతగారు ఏడింటికే వస్తాడు. ఏడు కొట్టేసరికి మా అమ్మాయి ఆయన బల్ల ముందు కాలిన బోర్డుతో నిలబడింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "నీకేం దెబ్బ తగల్లేదు కదా?" రెండో ప్రశ్న, "ఆ ప్రోగ్రామర్ ఇంకెవరైనా వాడారా?" లేదనగానే దానికి ఎర్ర టేపు చుట్టి చెత్తబుట్టలో వేశాడు. ఎందుకంటే అది సగం చచ్చిన ప్రోగ్రామర్. దాన్ని బల్ల మీద అలాగే వదిలేస్తే సోమవారం ఇంకో ఇంజనీరు ఇంకో బోర్డుకి తగిలించి, తప్పు తన ప్రోగ్రామ్‌లో ఉందనుకుని రోజంతా వెతుక్కునేవాడు. నా సలహా పాటించి ఉంటే జరిగేది అదే.

ఆ తర్వాత కాగితం మీద కరెంటు నడిచిన దారి గీయమన్నాడు. మూడుసార్లు గీస్తే గానీ దారి పూర్తి కాలేదు, ఎందుకంటే గోడ ప్లగ్గులోని మూడో పిన్ను ఏ సర్క్యూట్ బొమ్మలోనూ ఉండదు. సరైన పద్ధతి కూడా చూపించాడు. రెండు ప్రోబుల కొసలు రెసిస్టర్‌కి చెరో పక్కన పెట్టి, రెండు గ్రౌండ్ క్లిప్పులూ బోర్డు గ్రౌండ్‌కే తగిలించి, ఒకదాన్నుంచి ఇంకోటి తీసెయ్యమని స్కోపుకే చెప్పాలి. లేదా ఇందుకోసమే ఉన్న డిఫరెన్షియల్ ప్రోబు వాడాలి.

మేనేజర్ సంతోషించలేదు, అది సహజం. "బోర్డు బాగు చేయగలవా?" అని మాత్రం అడిగింది. రెండు వారాలు పాత బోర్డుల మీద చేసిన సాధన అప్పుడు అక్కరకొచ్చింది. లేచిపోయిన రాగి గీత స్థానంలో వెంట్రుకంత తీగ సాల్డర్ చేసి, కొత్త రెసిస్టర్ పెట్టి, మధ్యాహ్నానికల్లా బోర్డుని బతికించింది.

సాయంత్రం ఇంటికొచ్చి ఇదంతా చెప్తుంటే నాకు ఏం మాట్లాడాలో తెలియలేదు. "నేను చెప్పింది తప్పమ్మా" అన్నాను. "తెలుసు నాన్నా, అందుకే వినలేదు" అంది నవ్వుతూ.

తాతయ్య చెప్పిన జవాబు

ఐదో వారంలో అసలు చిక్కు వచ్చింది. పొలంలో పెట్టిన బోర్డులు ఉండుండి వాటంతట అవే ఆగి మళ్ళీ మొదలవుతున్నాయి. సుమారు రెండు వందల సార్లు కబురు పంపితే ఒకసారి ఇలా జరుగుతోంది. సాఫ్ట్‌వేర్ వాళ్ళు హార్డ్‌వేర్ అన్నారు, హార్డ్‌వేర్ వాళ్ళు సాఫ్ట్‌వేర్ అన్నారు. (ఈ ముక్క చదివి మన ఐటీ సోదరులు నవ్వుకుంటారని తెలుసు.)

మా అమ్మాయి స్కోపు పెట్టి చూస్తే, రేడియో మోగిన ప్రతిసారీ వోల్టేజి గీత పిచ్చెక్కినట్టు పైకీ కిందికీ ఊగుతోంది. దొరికిందనుకుంది. ల్యాబ్ తాతగారు చూసి, ప్రోబుకున్న అరజానెడు గ్రౌండ్ తీగ తీసేసి, దాని బదులు చిన్న స్ప్రింగు పెట్టి చూడమన్నాడు. ఊగులాటలో ఎక్కువ భాగం మాయమైపోయింది! పొడుగు తీగే యాంటెన్నాలా పనిచేసి, లేని రొదని చూపించింది. కొలిచే పనిముట్టు కూడా అబద్ధం చెప్పగలదు. ఇక మిగిలింది ఒక చిన్న పల్లం, రేడియో మోగగానే వోల్టేజి ఒక్క క్షణం కిందికి దిగి మళ్ళీ లేవడం. అదే నిజమైనది.

ఆ వారాంతంలో తెనాలి దగ్గర మా ఊళ్ళో ఉన్న మా నాన్నగారితో వీడియో కాల్ మాట్లాడుతూ, తన వచ్చీరాని తెలుగులో ఇదంతా చెప్పింది. ఆయన వ్యవసాయదారుడు, హైస్కూలు దాటలేదు. అంతా విని, "ఇందులో ఏముందే అమ్మలూ! మోటారు లేచినప్పుడు ఇంట్లో బల్బు మసకబారుతుంది చూడు, అదేగా?" అన్నారు. "ఒకప్పుడు కరెంటు రాగానే ఆటో స్టార్టర్లతో అందరి మోటార్లూ ఒక్కసారే లేచేవి. ట్రాన్స్‌ఫార్మర్ కాలి కూర్చునేది. మీ చిన్న బోర్డులోనూ అదే గొడవ."

అక్షరాలా అదే గొడవ. రేడియో మోటారులాంటిది, లేస్తూనే ఎక్కువ కరెంటు లాగుతుంది. అప్పుడు పక్కనున్న ప్రాసెసర్‌కి వోల్టేజి చాలక అది రీసెట్ అవుతోంది. ఈ ఇబ్బంది రాకుండా చిప్పు పక్కనే పెట్టేదే కెపాసిటర్. పెరట్లో నీళ్ళ తొట్టి లాంటిది. పంపు నుంచి నీళ్ళు నెమ్మదిగా వస్తున్నా, ఒక్కసారిగా బకెట్ ముంచుకోవచ్చు.

మరి తొట్టి ఉందిగా? బోర్డు మీద 22 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఉండనే ఉంది. లెక్క ప్రకారం సరిపోవాలి. డేటాషీట్ చివరి పేజీల సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఆ రకం చిన్న సిరామిక్ కెపాసిటర్లకి ఒక గుణం ఉంది. వాటి మీద డీసీ వోల్టేజి పెంచుతున్న కొద్దీ వాటి సామర్థ్యం తగ్గిపోతుంది. సైజు ఎంత చిన్నదైతే ఆ తగ్గుదల సాధారణంగా అంత ఎక్కువ. గ్రాఫులో చూస్తే, ఈ బోర్డులో దాని మీదున్న వోల్టేజి దగ్గర 22లో సగం కూడా మిగలడం లేదు. తొట్టి మీద రాసింది ఒకటి, పట్టే నీళ్ళు ఇంకొకటి.

మూడు వేల సార్లు

ఇంకో పెద్ద కెపాసిటర్ చేర్చింది. వోల్టేజి పల్లం చాలావరకు పూడింది. ఒక రాత్రంతా బోర్డు ఒక్కసారి కూడా రీసెట్ కాలేదు. పొద్దున్నే సంతోషంగా వెళ్ళి చెప్తే మేనేజర్ అడిగింది: "రాత్రంతా ఎన్నిసార్లు కబురు పంపింది?" పదిహేను నిమిషాలకొకసారి, ఎనిమిది గంటల్లో ముప్ఫై రెండు సార్లు. "రెండు వందలకి ఒకసారి వచ్చే తప్పు ముప్ఫై రెండు సార్లలో రాకపోతే బాగైనట్టేనా?"

గణాంక శాస్త్రంలో ఒక చిన్న సూత్రం ఉంది. ఎన్నిసార్లు ప్రయత్నించినా ఒక్క తప్పూ రాకపోతే, మూడుని ఆ సంఖ్యతో భాగించండి. తప్పు రేటు అంతకంటే ఎక్కువ ఉండదని 95 శాతం నమ్మకంతో చెప్పవచ్చు. మూడు వేల సార్లు బాగా నడిస్తే, వెయ్యికి ఒకటి కంటే ఎక్కువ తప్పులు ఉండవన్న మాట. ముప్ఫై సెకన్లకొకసారి పంపేలా ప్రోగ్రామ్ మార్చి, ఇరవై ఐదు గంటలు నడిపింది. మూడు వేల కబుర్లు, సున్నా రీసెట్లు. అప్పుడు రిపోర్టు రాసింది.

కథ ఇక్కడ సుఖాంతం అనుకోకండి. నాలుగు బోర్డులు బాగుపడ్డాయి. ఐదోది మాత్రం ఎప్పుడో ఒకసారి ఆగుతూనే ఉండేది. తన పది వారాలూ అయిపోయేదాకా అది ఎందుకో దొరకలేదు. తర్వాత దాని కనెక్టర్‌లో ఒక తీగ సరిగ్గా నొక్కుకోలేదని వేరే ఇంజనీరు కనిపెట్టి, తనకి ఈమెయిల్ పెట్టాడు. "ఒకే రోగలక్షణం, రెండు వేర్వేరు జబ్బులు" అని తన నోట్‌బుక్‌లో రాసుకుంది.

ఇది కొత్త చదువేం కాదు

ఈ దేశంలో చదువునీ పనినీ కలిపే కో-ఆప్ పద్ధతిని 1906లో సిన్సినాటి యూనివర్సిటీలో హెర్మన్ ష్నైడర్ అనే ఇంజనీరింగ్ ప్రొఫెసర్ ఇరవై ఏడు మంది విద్యార్థులతో ప్రారంభించారు. మన దేశంలో బిట్స్ పిలానీ 1973లో ప్రాక్టీస్ స్కూల్ మొదలుపెట్టింది.

మేముండే డాలస్‌కి సంబంధించిన కథ ఒకటుంది. 1958 వేసవిలో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో అందరూ సెలవులకి వెళ్ళారు. కొత్తగా చేరిన జాక్ కిల్బీకి మాత్రం ఇంకా సెలవులు లేవు. దాదాపు ఖాళీగా ఉన్న ల్యాబ్‌లో కూర్చుని ఆలోచించి, జూలై 24న తన నోట్‌బుక్‌లో ఒక ఊహ రాసుకున్నారు. సెప్టెంబరు 12న దాన్ని పనిచేయించి చూపించారు. అదే ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్. 2000లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. మా అమ్మాయి నోట్‌బుక్ రాయడానికి బద్ధకించినప్పుడల్లా నేనీ కథ చెప్పేవాణ్ణి.

మన తెలుగువాళ్ళ కథా ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన ఎ.ఎస్.రావు గారు స్టాన్‌ఫర్డ్‌లో చదువుకుని, తిరిగి వెళ్ళి అణుశక్తి సంస్థలో ఎలక్ట్రానిక్స్ విభాగాన్ని తీర్చిదిద్దారు. 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ ఆయన సారథ్యంలోనే మొదలైంది. ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు ఎ.ఎస్.రావు నగర్ మీదుగా వెళ్తే, ఆ పేరు ఎవరిదో పిల్లలకి చెప్పండి.

పిల్లలకు నాలుగు మాటలు

మా అమ్మాయిని అడిగి రాస్తున్నవి ఇవి:

1. వేసవి ఇంటర్న్‌షిప్‌కి వేసవిలో వెతికితే దొరకదు. ముందు ఏడాది ఆగస్టు, సెప్టెంబరు నెలల్లోనే చాలా కంపెనీలు దరఖాస్తులు తీసుకుంటాయి. చిన్న కంపెనీలు మాత్రం తర్వాత కూడా తీసుకుంటాయి, వాటికి మీరే ఉత్తరం రాయండి.

2. రెజ్యూమెలో కోర్సుల పేర్లకంటే మీ చేతులతో చేసిన ఒక్క వస్తువు ఎక్కువ మాట్లాడుతుంది. అది పనిచేయకపోతే, ఎందుకు పనిచేయలేదో చెప్పగలిగినా చాలు.

3. కరెంటు ఇచ్చేముందు పవర్ సప్లైలో కరెంటు పరిమితి పెట్టండి. క్లిప్పు తగిలించేముందు అది ఎక్కడికి కలిసి ఉందో ఆలోచించండి.

4. రోజూ నోట్‌బుక్ రాయండి. తప్పు జరిగితే ఆ రోజే చెప్పండి. రాత్రి గడిస్తే తప్పు పెద్దదవుతుంది.

ఇండియా నుంచి ఎఫ్-1 వీసా మీద వచ్చి చదువుకుంటున్న పిల్లలకు ఇంకో మాట. క్యాంపస్ బయట ఇంటర్న్‌షిప్ చేయాలంటే సీపీటీ అనుమతి ముందే ఉండాలి. అది మీ ఐ-20 మీద నమోదయ్యాకే పనిలో చేరాలి. మామూలుగా ఒక పూర్తి విద్యా సంవత్సరం చదివాకే దానికి అర్హత వస్తుంది. పూర్తికాలపు సీపీటీ పన్నెండు నెలలు చేస్తే ఆ డిగ్రీకి వచ్చే ఓపీటీ పోతుంది. స్నేహితులు చెప్పింది నమ్మి అడుగేయకుండా, మీ కాలేజీలో అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్నే అడగండి. ఎవరైనా డబ్బు కట్టించుకుని ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ ఇస్తామంటే మాత్రం దూరంగా ఉండండి. నేను అమీర్‌పేటలో కొన్నది అలాంటిదే కదా.

తల్లిదండ్రులకి చెప్పేది ఒక్కటే. కంపెనీ పేరు అడగడం మానేద్దాం. "ఈ రోజు ఏం పాడు చేశావు? ఎలా బాగు చేశావు?" అని అడుగుదాం.

పాత ప్రశ్నకి జవాబు

ఆగస్టు మొదటి వారంలో ఆఖరి రోజున ల్యాబ్ తాతగారు మా అమ్మాయికి ఆ మొదటి కాలిన రెసిస్టర్‌ని చిన్న ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి ఇచ్చాడు. ఇంటికొచ్చి దాన్ని తన బల్ల మీద పెట్టుకుంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర, ఇరవై ఐదేళ్ళుగా దాచుకున్న నా రైల్వే గేటు కథ చెప్పేశాను. కొన్న ప్రాజెక్టు, పసుపుపచ్చ కెపాసిటర్, ఎగ్జామినర్ గారి నవ్వు, అన్నీ. పిల్లలిద్దరూ పడీ పడీ నవ్వారు. నవ్వు ఆగాక మా పెద్దమ్మాయి కాగితం తీసి, చిప్పు గీసి, పక్కన కెపాసిటర్ గీసి, నాయిస్ ఎక్కణ్ణుంచి వస్తుందో, అది దాన్నేం చేస్తుందో పది నిమిషాలు చెప్పింది. నేను బుద్ధిగా విన్నాను. ఈసారి అర్థమైంది.

ఇప్పుడు మా గరాజ్‌లో ఒక సాల్డరింగ్ ఐరన్ ఉంది. ఆదివారం మధ్యాహ్నాలు చిన్నదీ నేనూ కలిసి ఒక బొమ్మ రైల్వే గేటు తయారు చేస్తున్నాం. గేటు ఇంకా సరిగ్గా లేవడం లేదు. ఎందుకు లేవడం లేదో వెతుకుతున్నాం.